కార్డు ఉంది సరే, డాక్టరేడి?

రాత్రి ఎనిమిదింటికి మేడిపల్లిలో ఒక పసిపిల్లకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చిందనుకుందాం. తండ్రి ఇంకా పని దిగి ఇంటికి చేరలేదు. బస్తీ దవాఖానల పనివేళలు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకే. నీలోఫర్‌కో గాంధీకో పోదామంటే వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ దాటాలి. 2018లో మొదలైన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏండ్ల తరబడి సాగి ఆ రోడ్డు మీద జనాన్ని ఎంత గోస పెట్టాయో ఈ దారిన తిరిగిన వాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు. ఇక ఆ తల్లికి మిగిలినవి రెండే దారులు. ఒకటి గల్లీ మూలన ఆర్‌ఎంపీ. రెండోది రోడ్డు మీద బోర్డు వెలుగుతున్న ప్రైవేటు దవాఖాన. రెండు చోట్లా ముందుగా అడిగేది పైసలే.

ఆ ఇంట్లో ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. 2023 డిసెంబర్ 9న దాని పరిమితిని ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచుతున్నామని సర్కారు ప్రకటించింది. పది లక్షలు చిన్న మొత్తం కాదు. కానీ ఆ రాత్రి ఆ పిల్ల జ్వరానికి ఆ కార్డు పది రూపాయల విలువ కూడా చేయదు. ఎందుకంటే అది పెద్ద రోగాల కార్డు. ఆసుపత్రిలో చేరి మంచం ఎక్కితేనే చెల్లుతుంది. మంచం ఎక్కకుండా చూసే వైద్యానికి అందులో జాగ లేదు. అందరికీ వైద్యం అనే మాట ఎక్కడ ఆగిపోయిందో చెప్పడానికి ఈ ఒక్క ముచ్చట చాలు.

ఆరోగ్యశ్రీని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో అది మొదలైంది. మేడిపల్లి అప్పుడున్న రంగారెడ్డి జిల్లాకు అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చింది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా పరుచుకుంది. అంతకుముందు పేదవానికి గుండె ఆపరేషన్ అంటే ముఖ్యమంత్రి సహాయనిధి కాగితం పట్టుకుని ఎమ్మెల్యేల ఇండ్ల చుట్టూ తిరగడమే. ఆ తిరుగుడు తగ్గింది. భూమి అమ్మకుండా బిడ్డ గుండెకు ఆపరేషన్ చేయించుకున్న తల్లిదండ్రులు మన మధ్యనే ఉన్నారు. రోగం వస్తే సర్కారు బాధ్యత తీసుకోవాలన్న మాట జనం నోట హక్కుగా పలికింది కూడా అప్పుడే. దాన్ని మేం కాదనం.

మా పేచీ వేరే. షుగర్ ఉన్న మనిషిని తీసుకోండి. నెలనెలా రక్త పరీక్ష, రోజూ గోళీ, ఆరు నెలలకోసారి కాళ్లూ కండ్లూ చూసే డాక్టర్ ఉంటే ఆయన పదేండ్లు తన పని తాను చేసుకుంటాడు. ఇవి లేకుంటే ఏమవుతుంది? చూపు మందగిస్తుంది, కాలికి పుండు పడుతుంది, కిడ్నీ చెడుతుంది. అప్పుడు కార్డు ముందుకొస్తుంది. డయాలసిస్‌కు పైసలు కడతానంటుంది. అంటే కాలు పోయినాక కట్టు కట్టడానికి సర్కారు దగ్గర లక్షలున్నాయి. కాలు పోకుండా చూసే గోళీకి మాత్రం ఆలోచన లేదు. బీపీ సంగతీ ఇంతే. గోళీ ఆపేసిన మనిషికి పక్షవాతం వచ్చేదాకా కార్డు ఎదురుచూస్తుంది.

ఈ పద్ధతిలో సర్కారు పైస ఎటు పారిందో కూడా చూడాలి. ఆరోగ్యశ్రీ బిల్లుల్లో పెద్ద వాటా ప్రైవేటు దవాఖానలదే. ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని రేటు కట్టి ఇస్తే, ఆపరేషన్లు పెరగకుండా ఉంటాయా? ఉమ్మడి రాష్ట్రంలో నడి వయసు కూడా రాని ఆడవాళ్ల గర్భసంచులు ఊర్లకు ఊర్లే తీసేశారని గగ్గోలు లేచాకనే గదా ఆ ఆపరేషన్‌ను సర్కారు దవాఖానలకు పరిమితం చేసింది! కాన్పుల లెక్క కూడా చూడండి. 2019-20లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు కోతలే. ప్రైవేటు దవాఖానల్లో నూటికి ఎనభై ఒకటి దాటాయి. మొత్తం కాన్పుల్లో కోతల వాటా దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ అంత లేదు. ఇది ఆరోగ్యశ్రీ చేసిన పని అని మేం అనడం లేదు. కోతకు ఎక్కువ, సహజ కాన్పుకు తక్కువ పైసలు వచ్చే చోట కత్తి ఎటు మొగ్గుతుందో చెబుతున్నాం.

పైగా ఇంకో చిక్కు. బిల్లులు పేరుకుపోయాయని 2025 సెప్టెంబర్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపేశాయి. వాళ్లకు రావాల్సిన పైసలు వాళ్లకు ఇవ్వాల్సిందే. కానీ సర్కారుకూ ఆసుపత్రి యాజమాన్యానికీ నడుమ లెక్క తేలకపోతే ఆపరేషన్ తేదీ ఖాయమైన రోగి వాకిట్లో నిలబడాలా? అద్దెకు తెచ్చుకున్న వైద్యం ఇట్లనే ఉంటుంది. కిరాయి కట్టకుంటే తలుపు మూసేస్తారు.

కరోనా కాలం మరిచిపోయేది కాదు. 2020లో మన రాష్ట్రంలో ఆ రోగానికి ఆరోగ్యశ్రీ చెల్లలేదు. ప్రైవేటులో వార్డుకు రోజుకు 4 వేలు, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌కు 9 వేలు మించొద్దని ఆ ఏడాది జూన్‌లో సర్కారు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు కాగితం మీదే ఉండిపోగా లక్షల బిల్లులు కట్టి శవాలను తెచ్చుకున్న ఇండ్లు ఎన్నో. ఆ రోజుల్లో చివరి దాకా తలుపు తెరిచి ఉన్నది గాంధీ దవాఖానే. కార్పొరేట్ అద్దాల మేడలు పడకలు లేవన్న నాడు, మనం చిన్నచూపు చూసిన సర్కారు దవాఖానే దిక్కయింది. ఆ పాఠం మనం నేర్చినట్టా, మరిచినట్టా?

రాష్ట్రం వచ్చినాక ఏమీ జరగలేదని అంటే అది అబద్ధం. 2014లో సర్కారు మెడికల్ కాలేజీలు అయిదే ఉండె. ఇప్పుడు జిల్లాకు ఒకటి లెక్కన ముప్పై దాటాయి. 2017లో కేసీఆర్ కిట్ వచ్చింది. 2018లో బస్తీ దవాఖానలు, ఉచిత పరీక్షలకు తెలంగాణ డయాగ్నస్టిక్స్ మొదలయ్యాయి. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014-16లో 81 ఉంటే, 2018-20 నాటికి 43కు తగ్గాయి. ఇవి ఏ పార్టీ జేబులోవీ కావు. ఎండలో తిరిగిన ఆశా కార్యకర్తలవి, ఏఎన్‌ఎంలవి, రాత్రి డ్యూటీ చేసిన నర్సులవి. ఇంటికి దగ్గరగా, పైసలు అడగకుండా పెట్టిన వైద్యం ఏం చేయగలదో ఈ అంకెలే చెబుతున్నాయి. మరి అదే దారిలో ఇంకో నాలుగడుగులు ఎందుకు వేయరు?

నాలుగింటికి తాళం దగ్గరికి మళ్లీ వద్దాం. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లకు, మేస్త్రీ కూలీలకు, ఇండ్లల్ల పాచిపని చేసే ఆడవాళ్లకు తొమ్మిది నుంచి నాలుగు అంటే సరిగ్గా పనివేళలే. ఉచిత వైద్యానికి పోవాలంటే ఆ రోజు కూలీ పోగొట్టుకోవాలి. అంటే ఉచితం ఉచితం కాదు, ఒక రోజు కూలీ దాని ఫీజు. ఆర్‌ఎంపీ రాత్రి పదింటి దాకా లైటు వేసి కూర్చుంటాడు. అవసరమైతే అప్పు పెడతాడు. పేరు పెట్టి పిలుస్తాడు. జనం ఆయన దగ్గరికి పోయేది తెలివి లేక కాదు, వేరే తలుపు తెరిచి లేక. 2024లో మెడికల్ కౌన్సిల్ వాళ్లు అర్హత లేని వైద్యుల మీద దాడులు చేశారు. అవసరం లేని యాంటీబయాటిక్కులు, స్టెరాయిడ్లు ఎక్కించే వాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ ఆ తలుపు మూసిన రోజునే దాని పక్కన సర్కారు తలుపు తెరవాలి గదా!

నిజానికి కూలీ పోయే బాధను గుర్తించిన పథకం ఒకటి మన కండ్ల ముందే ఉంది. అది నాచారంలోని ఈఎస్‌ఐ దవాఖాన. 1948లో చట్టం చేసి తెచ్చిన ఈఎస్‌ఐలో చిన్న జ్వరం నుంచి పెద్ద ఆపరేషన్ దాకా వైద్యం ఉంటుంది, మందులు ఉంటాయి. పని చేయలేని కార్మికునికి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇచ్చే ఏర్పాటు ఉంది. మన ఆరోగ్యశ్రీలో ఇది లేదు. కానీ ఈ నీడ ఎవరికి దక్కింది? కాంట్రాక్టర్ రిజిస్టర్‌లో పేరెక్కని వానికి లేదు. అడ్డా కూలీకి లేదు. ఆటో డ్రైవర్‌కు లేదు. ఫ్యాక్టరీ గేటు లోపల ఒకే మిషన్ మీద పనిచేసే ఇద్దరిలో ఒకరికి కార్డుండి ఇంకొకరికి లేకపోవడం ఏం న్యాయం? ఉన్నవాళ్ల సొమ్మునైనా కాపాడారా అంటే, 2019లో ఈఎస్‌ఐ మందుల కొనుగోళ్ల కుంభకోణంలో ఏసీబీ అరెస్టులు చేయాల్సి వచ్చింది.

పేద దేశాలకు ఇది కాని పని అనే వాళ్లు థాయిలాండ్ దిక్కు చూడాలి. 2001-02లో అక్కడ ముప్పై బాట్లకు, అంటే అప్పటి మన ముప్పై రూపాయల పైచిలుకుకు, వైద్యం అనే పథకం పెట్టారు. మనకూ వాళ్లకూ తేడా ఏమిటంటే, వాళ్లు కార్డు పంచడానికి ముందే జిల్లా దవాఖానలు కట్టుకున్నారు. 1970ల నుంచే కొత్త డాక్టర్లను పల్లెలకు పంపారు. రోగి పేరును ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనే రాసుకున్నారు. తలకు ఇంత అని పైసలు ఆ కేంద్రానికే పంపారు. మనం పైకప్పు వేసి గోడలు మరిచాం. మన దేశంలో వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయల్లో 2013-14లో 64 జనం జేబులోంచే పోయేవి. 2021-22 నాటికి అవి 39కి తగ్గాయని కేంద్రం లెక్కలు చెబుతున్నాయి. తగ్గడం మంచిదే. కానీ 2025 కల్లా జాతీయాదాయంలో రెండున్నర శాతం ప్రజారోగ్యానికి పెడతామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్న సర్కారు, 2021-22లో రెండు శాతం కూడా దాటలేదు.

అందుకే మేం అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా ప్రతి బస్తీ దవాఖాన రాత్రి తొమ్మిది వరకు నడవాలి. దానికి రెండో పూట డాక్టర్‌ను, నర్సును పర్మినెంటు నౌకరీలో తీసుకోవాలి. బీపీ, షుగర్ గోళీలు నెలకు సరిపడా ఒక్కసారే ఇవ్వాలి. గాంధీకి పోయే దారిలోనే ప్రాణం పోకుండా, ఈ దిక్కున ఇరవై నాలుగు గంటలూ కాన్పులు, ప్రమాదాలు చూసే పడకలు పెంచాలి. ఏ ఆసుపత్రికి ఎంత ఆరోగ్యశ్రీ పైస పోయిందో, ఏ ఆపరేషన్లు ఎన్ని చేశారో ప్రతి మూడు నెలలకు జనం ముందు పెట్టాలి. ఆ సొమ్ములో ఏటేటా పెరిగే వాటా సర్కారు దవాఖానలకు రావాలి. కాంట్రాక్టు కార్మికుల పేర్లు ఈఎస్‌ఐలో ఎక్కించని యాజమాన్యాల మీద కేసులు పెట్టాలి. రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. కొట్లాడి తెచ్చుకున్న మన రాష్ట్రం ఆ మాత్రం చేయలేదా?

చదివేవాళ్లకు కూడా ఒక మాట. ఓట్లడగడానికి వచ్చినవాడు కార్డు మీద లక్షలు చెప్పినప్పుడు చప్పట్లు కొట్టి ఊరుకోవద్దు. మా బస్తీ దవాఖాన ఎన్నింటికి మూస్తారని అడగాలి. డాక్టర్ పోస్టు ఎన్ని నెలల నుంచి ఖాళీగా ఉందని అడగాలి. రోడ్డు కోసం, నల్లా కోసం అడిగిన నోరే డాక్టర్ కోసం కూడా తెరుచుకోవాలి. పది లక్షల కార్డు ఆపదలో అక్కరకొస్తే మంచిదే. మేడిపల్లి తల్లికి మాత్రం ముందు కావాల్సింది, రాత్రి ఎనిమిదింటికి నడిచి పోయేంత దూరంలో తెరిచి ఉన్న ఒక తలుపు, ఆ తలుపు వెనుక ఒక డాక్టర్.