ప్రింటరు వాకిట ద్వారపాలకుడు

విద్యాలయములందు కాగితమునకు కాలము చెల్లినదని పలువురు చెప్పుచుండ వినుచున్నాము. ఇది సగము మాత్రమే సత్యము. పాఠములు తెరమీదికి ఎక్కినవి; ఉత్తరములు క్షణములో ఖండాంతరములకు పోవుచున్నవి. అయినను హాల్ టిక్కెట్టు కాగితముగానే చేత నుండవలెను. ఉపకారవేతనపు దరఖాస్తు సంతకముతో కూడిన కాగితముగానే పలుచోట్ల అడుగబడుచున్నది. కావున విద్యాలయపు కంప్యూటరు గదిలో ఒక మూలనున్న ప్రింటరునకు నేటికిని గిరాకి తగ్గలేదు. దాని వాకిట లాగిన్ అను ద్వారపాలకుడు నిలిచి, "నీ వెవరవు?" అని ప్రశ్నించుచున్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదేనా, దానికి ప్రత్యుత్తర మిచ్చు సాధనము విద్యార్థికి లభించుచున్నదా యను విషయమై మా యభిప్రాయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ద్వారపాలకుడే వలదనువారితో మేము ఏకీభవింపము. ప్రింటరు ఒక్కటి, దానిని కోరువారు వందలు. కాగితమునకును టోనరునకును వెల కలదు. ఒక్కరు రెండువందల పుటలు అచ్చువేసికొని పోయినచో తక్కినవారికి మిగులునది ఖాళీ పెట్టెయే. అంతియగాక, ప్రింటరుపై పడియుండు కాగితములలో ఒకరి మార్కులును, వేరొకరి ఆధార్ సంఖ్యయు, మరియొకరి బ్యాంకుఖాతా వివరములును ఉండును. పదిమంది పంచుకొను వస్తువునకు పద్దు ఉండవలెను. పద్దు వ్రాయవలెనన్న పేరు తెలియవలెను.

కంప్యూటరునందు పాస్‌వర్డు పుట్టుటకును ఈ పంపకమే కారణము. అమెరికాదేశమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునందు 1961వ సంవత్సరమున ప్రదర్శింపబడిన పద్ధతివలన పలువురు ఒకే యంత్రమును ఏకకాలమున వాడగలిగిరి. ఎవరి పత్రములు వారికే దక్కుటకై ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు ఏర్పాటు చేయబడెను. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటలు మాత్రమే కేటాయింపబడెను. అది తన పనికి చాలనందున, పాస్‌వర్డులన్నియు గల పత్రమును అచ్చువేయుమని ఆతడు పంచికార్డుద్వారా ఆ యంత్రమునకే మనవి చేసికొనెను. యంత్రము మారుమాట లేక అచ్చువేసి యిచ్చెను! రహస్యము బయటికి వచ్చిన త్రోవ ప్రింటరే యని మనము గుర్తింపవలెను. అక్రమమును మేము మెచ్చము గాని, అవసరమునకు చాలని వాటా ఇచ్చినచోట తాళములు నిలుచుట కష్టమనియు దీనివలన తెలియుచున్నది.

ఆ విద్యాలయమునందే 1983లో ఎథీనా ప్రణాళిక ఆరంభమయ్యెను. ప్రాంగణములోని ఏ కంప్యూటరు నొద్ద కూర్చున్నను విద్యార్థి తన పేరుతో పని చేసికొనవలెననుట దాని యుద్దేశము. అందుండి వెలువడినదే కెర్బరాస్ అను పద్ధతి. వేదములందు యముని వాకిట కుక్కలు చెప్పబడినట్లే, గ్రీకుల పురాణములలో పాతాళద్వారమును కాచు మూడు తలల కుక్కకు ఆ పేరు. ఈ పద్ధతిలో విద్యార్థి తన పాస్‌వర్డును ఒక్కసారి ఋజువు చేసికొని, రైలు టిక్కెట్టు వంటి దానిని పొందును. దానినే ప్రింటరు సర్వరునకు చూపును. విండోస్ 2000 మొదలుకొని మైక్రోసాఫ్టువారు దీనిని స్వీకరించినందున నేడు మన ప్రాంగణములందును ఇది వాడుకలో నున్నది.

టిక్కెట్టుపై కాలము వ్రాయబడి యుండును గనుక ఇరువైపుల గడియారములు సరిపోవలెను. సాధారణముగా అయిదు నిమిషములకు మించిన తేడాను ఇది అంగీకరింపదు. పాత కంప్యూటరులోని చిన్న బిళ్ల బ్యాటరీ చచ్చిపోయినచో, కరెంటు పోయి వచ్చినంతనే దాని గడియారము సంవత్సరములు వెనుకకు పోవచ్చును. అప్పుడు పాస్‌వర్డు సరియైనదే యైనను ద్వారము తెరువబడదు. సొంత ల్యాప్‌టాపు తెచ్చువారి కష్టము వేరు. అది తన యజమాని ఇంట పెట్టుకొన్న పేరునే సర్వరునకు చెప్పును. సర్వరు ఆ పేరు నెరుగదు. పాస్‌వర్డు మార్చుకొన్నను యంత్రము దాచియుంచిన పాతదానినే మరల మరల పంపుచుండును. తప్పుల లెక్క మించగానే ఖాతా మూతపడును.

2021వ సంవత్సరమున ఇంకొక చిక్కు వచ్చినది. విండోస్ ముద్రణవిభాగమున ప్రింట్‌నైట్‌మేర్ అను పెద్ద లోపము బయటపడగా, మైక్రోసాఫ్టువారు జూలైలో అత్యవసరపు సవరణ వెలువరించిరి. ఆగస్టు 10వ తేదీ సవరణ మొదలుకొని, నెట్‌వర్కు ప్రింటరు డ్రైవరును క్రొత్తగా చేర్చుటకు అడ్మినిస్ట్రేటరు అధికారము కావలసి వచ్చెను. లోపము నిజమైనది, సవరణ అవసరమైనది. కాని ఆ అధికారము గలవారు సెలవులో నున్ననాడు విద్యార్థి గతి యేమి?

ఇట్టి సమయములందు రెండు చెడ్డ ఉపాయములు అవలంబింపబడుచున్నవి. అందరికిని ఒకే పాస్‌వర్డు నిచ్చి గోడకు అంటించుట మొదటిది. దీనితో పద్దు పోవును, బాధ్యత పోవును. తాళముచెవి గుమ్మమునకే వ్రేలాడును. బజారులోని జెరాక్సు దుకాణమునకు పరుగిడుట రెండవది. అక్కడ విద్యార్థి తన ధ్రువపత్రములన్నింటిని అపరిచితుని ఫోనునకు వాట్సాపులో పంపును. అవి అందులోనే ఉండిపోవును. ఇంట ప్రింటరు గలవారికి ఈ బాధ లేదు. శ్రీకూర్మమునుండియో, కళింగపట్టణపు తీరమునుండియో చదువుకొన వచ్చు బీదవారి బిడ్డకు ఒక కాగితముకొరకై మరియొకసారి శ్రీకాకుళము పోయివచ్చుట యనగా బస్సు ఛార్జీయు, ఒక పూట చదువును పోవుటయే. శ్రీకూర్మాలయపు నక్షత్రతాబేళ్ల నడక చూచుటకు ముచ్చటగా నుండును. కడపటి దినమున దరఖాస్తు ఆ నడక నడచుట ముచ్చట కాదు.

"ఈ కాలపు పిల్లలు ఇట్టివి తామే నేర్చుకొనవలెను" అని కొందరు పెద్దలు సెలవిత్తురు. నేర్చుకొనవలసినదే. కాని స్టేషను వాకిట టిక్కెట్టు అడుగుట న్యాయము. టిక్కెట్ల గదిని మూసివేసి అడుగుట న్యాయము కాదు.

కావున మేము కోరునవి స్వల్పములు. ప్రవేశ సమయముననే ప్రతి విద్యార్థికిని తన సొంత పేరును పాస్‌వర్డును ఇయ్యవలెను. పేరు ఏ రూపమున టైపు చేయవలెనో, దాచబడిన పాత పాస్‌వర్డును ఎచట తొలగింపవలెనో, మొదట గడియారమును చూడవలెననియు తేట తెలుగులో వ్రాసి ప్రింటరు ప్రక్కన అంటింపవలెను. గోడమీద ఉండదగినది పాస్‌వర్డు కాదు, ఈ సూచనయే. సొంత యంత్రము మొరాయించినవారికై ప్రింటరు చెంత సిద్ధపరచిన కంప్యూటరు ఒకటి ఎల్లప్పుడు ఉండవలెను. వీలున్నచోట, విద్యార్థి ప్రింటరు నొద్దకు వచ్చి తన సంఖ్య నొక్కిన పిదపనే కాగితము వెలువడు ఏర్పాటు చేయుట మేలు. అధికారము గల ఉపాధ్యాయులు ఇరువురైనను ఉండవలెను. వీనిలో పెక్కింటికి ధనముకంటె శ్రద్ధయే ఎక్కువ కావలెను. బిళ్ల బ్యాటరీ వెల కొలది రూపాయలే.

సోదర విద్యార్థులారా! మన బాధ్యతయు కలదు. మన పాస్‌వర్డును మిత్రునకైనను ఇయ్యరాదు. పని ముగియగానే లాగవుట్ కావలెను. మన కాగితమును వెంటనే తీసికొని, పరుల కాగితము కంటబడినచో చదువక అప్పగింపవలెను. మనము ఇట్లు నడచుకొన్ననాడు, ద్వారపాలకునకు కన్నులతోపాటు చెవులను గూడ అమర్చుడని పెద్దలను అడుగుటకు మనకు హక్కు కలుగును.