అడుగు ఆలస్యమైతే బుర్ర మందమా?

"పక్కింటి గుంట పదో నెలకే అడుగులేసింది. మా గుంటడికి పదమూడో నెలొచ్చినా అడుగు పడనేదు. బుర్ర మందమేటమ్మా?"

శ్రీకాకుళం జిల్లాలో ఏ అంగన్‌వాడీ గుమ్మం దగ్గర కాసేపు నిలబడినా ఇలాంటి మాట చెవిన పడుతుంది. అడిగేది నాయనమ్మ. తలొంచుకుని వినేది తల్లి.

ముందు నాయనమ్మకు జవాబు. ఊతం లేకుండా నడవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పిన గడువు ఎనిమిదో నెల నుంచి పదిహేడున్నర నెలల దాకా. కాబట్టి ఇప్పుడే కంగారొద్దు.

మరి డాక్టర్లు చేసే ఎదుగుదల పరీక్షలో మార్కులు తగ్గితే? బడిలోనూ వెనకబడతాడా? అమెరికాలోని బర్క్‌లీలో 1928లో నాన్సీ బేలీ పసిపిల్లల్ని పరీక్షించడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి వాళ్ల ఎదుగుదలను గమనించారు. మొదటి ఏడాది మార్కులకూ, బడి వయసు తెలివితేటలకూ దాదాపు పొంతనే లేదు. ఎందుకంటే పసితనంలో చూసేది మెడ నిలపడం, బోర్లా పడటం, గిలక్కాయ అందుకోవడం. బడిలో కావలసింది మాట, లెక్క, ఆలోచన. రెండేళ్లు దాటి మాటలొచ్చాక చేసే పరీక్షలే కాస్త నమ్మకంగా చెబుతాయి.

మన జిల్లా సాక్ష్యమూ ఉంది. 2002లో 'యంగ్ లైవ్స్' అధ్యయనం నాలుగు దేశాల్లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది వయసున్న సుమారు 2,000 మంది పిల్లల్ని ఎంచుకుంది. ఆ జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పసితనంలో తిండి చాలక ఎత్తు పెరగని పిల్లలు తర్వాత చదువు పరీక్షల్లో సగటున వెనకబడ్డారు. అయితే ఆనక ఎత్తు అందుకున్నవాళ్లు, అలాగే ఉండిపోయినవాళ్ల కన్నా మెరుగ్గా చేశారు. అంటే పసినాటి లోటు నుదుటి రాత కాదు, దిద్దుకోవచ్చు.

అలాగని పరీక్షలు దండగ అనుకోకండి. మార్కులు మరీ తక్కువైతే అది హెచ్చరికే. అయిదో నెలకీ మెడ నిలవకపోయినా, చప్పుడుకి తల తిప్పకపోయినా, పద్దెనిమిదో నెలకీ నడవకపోయినా, వచ్చిన మాటలు పోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకే వస్తాయి. ఆ రోజు బిడ్డను తప్పక తీసుకెళ్లండి.

మిగతా రోజుల్లో? పక్కింటి గుంటతో పోల్చడం మాని, వాడికి గుడ్డు పెట్టండి, ఒళ్లో కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పండి. ఆ పని నాయనమ్మ కంటే బాగా ఎవరు చేస్తారు?