బంజరని రాసిందెవరు? బతుకుతాండేదెవరు?



ఫ్యాక్టరీ మాట లేస్తే చాలు, ఆఫీసుల్లో మొదట పుట్టే ప్రశ్న ఒకటే: "గవర్నమెంటు భూమి ఎక్కడుంది?" పెద్దరైతు బోరుబావి చేను ఎక్కడుందని ఎవరూ అడగరు. రికార్డు తెరుస్తారు. బంజరు, అసైన్డ్ అని రాసిన సర్వే నంబర్లు ఏరుతారు. ఆ నంబర్ల మీద ఎవరి చెనిక్కాయ చేలున్నాయో, ఎవరి గొర్రెలు మేస్తాయో ఆ లెక్కలో కనపడదు. అది మనమే చెప్పాల.

మా పామిడి పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి పోతాది. రైలుంది. పెన్నేరుంది. పరిశ్రమలోల్ల కండ్లు పడడానికి ఇంతకంటే ఏం కావాల? ఆ ప్రశ్న మా గడప తొక్కకముందే జవాబు సిద్ధం చేసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆ భూములు మనకు ఎవరూ ధర్మానికి ఇయ్యలేదు. మన అమ్మానాయనలు కంప కొట్టి, రాళ్లేరి, వాన కోసం ఆకాశం చూసి చేను చేసినారు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. పంట పోయిన ఏడు బెంగళూరుకు మట్టిపనికి పోయినా, తిరిగొచ్చేదానికి ఒక చోటంటూ ఉందంటే ఆ రెండెకరాలే. పెత్తందారు ముందర చేతులు కట్టుకోకుండా నిలబడే చోటు కూడా అదే. దాన్ని బంజరంటే మన బతుకే బంజరన్నట్టు.

మేము ఫ్యాక్టరీలకు శత్రువులం కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాసి, సేద్యం మీది భారం తగ్గాలంటే పరిశ్రమలు రావాలన్నాడు. అయితే 1947లో "రాష్ట్రాలు - అల్పసంఖ్యాకులు"లో కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలోనే ఉండాలని కూడా ఆయనే రాసినాడు. ఆయన మొదటి మాట చెప్పి రెండో మాట మింగేసే నాయకులను నమ్మొద్దు.

మన పాత అనంతపురం జిల్లాలోనే రెండు కథలున్నాయి. రెండూ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినాయి. మొదటిది లేపాక్షి నాలెడ్జి హబ్. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు కట్టబెట్టినారు. వేల ఉద్యోగాలన్నారు. హబ్బు రాలేదు. భూములు మాత్రం బ్యాంకుల్లో తాకట్టుకు పోయినాయి, సీబీఐ కేసుకెక్కినాయి. రెండోది పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ. 2017లో ఒప్పందం, 2019లో కార్లు బయటికొచ్చినాయి. దానికి పట్టింది సుమారు 600 ఎకరాలు. లెక్క మీరే వేయండి. కార్లు చేసే ఫ్యాక్టరీకి 600, కాగితం మీది ఫ్యాక్టరీకి 8,844! ఇంత భూమి అడిగేవాడు ఫ్యాక్టరీ కోసం అడుగుతున్నాడా, భూమి కోసమే అడుగుతున్నాడా?

మా పామిడి బట్టల వ్యాపారానికి ఊరూరా పేరుంది. మిషన్ల మీద వంగి కుట్టే ఆడోళ్ల నడుములు నొస్తాయి గానీ, ఆ వ్యాపారం పేరు చెప్పి ఎవరి చేనూ లాక్కోలేదు.

ఇక చట్టం మాట. మాలో బడిపంతుళ్లమున్నాం. మా అయ్యలు వేలిముద్ర వేసిన డి-ఫారం పట్టాను ఇంట్లో మొదట చదివినోళ్లం మేమే. ప్రజా ప్రయోజనానికి కావాలంటే ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుందనే షరతుంటాది. ఆ ఒక్క షరతు చూపించి, పట్టా రైతుకు ఒక ధర, మనకు ఒక ముష్టి అని చాలాకాలం నడిపినారు. 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం చేవెళ్ల కేసులో ఆ తేడా చెల్లదన్నది. అసైన్డ్ రైతుకూ పట్టా రైతుతో సమానంగా మార్కెట్ ధర కట్టియ్యాలన్నది. 2013 భూసేకరణ చట్టం భూయజమాని అనే మాటకు అర్థం చెప్తూ అసైన్డ్ భూములను పేరు పెట్టి చేర్చింది. "మీది సర్కారు భూమి, మీకేం హక్కు" అని ఎవరైనా అంటే ఈ రెండూ చూపించండి.

ఇచ్చిన చేత్తోనే గుంజుకోవడమూ జరిగింది. 2018లో మన రాష్ట్రం సవరణ చేసి, పారిశ్రామిక కారిడార్ల వంటి వాటిని సామాజిక ప్రభావ అంచనా నుంచి తప్పించే అధికారం తీసుకుంది. అంటే చేను పోయినాక కౌలోడు, కూలోడు, గొర్రెలోడు ఏమైతాడని అడిగే పనే లేదు. 20 ఏండ్లు నిండిన అసైన్డ్ భూమిని అమ్ముకోవచ్చని 2023లో సవరణ చేసినారు. 2024లో ప్రభుత్వం మారినాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపినారు. అమ్ముకునే హక్కు అటుంచండి, నిలుపుకునే హక్కు సంగతేంది?

ఉద్యోగాలిస్తామంటారు. ప్రైవేటు కంపెనీలో మన రిజర్వేషన్ లేదు. స్థానికులకు 75 శాతమని 2019లో చట్టం చేసినారు. స్థానికుడంటే ఎవరు? పెత్తందారు కొడుకూ స్థానికుడే! భూమి మాదిగవాడది, మాలపల్లెది, ఉద్యోగం ఇంకొకడిది. మనకు మిగిలేది గేటు కాడ వాచ్‌మన్ పని, లోపల చీపురు.

పంచాయతీకి మేలంటారు. పారిశ్రామికవాడలో పన్ను వసూలు చేసేది ఏపీఐఐసీ కింది ఐలా. పంచాయతీకి వచ్చేది వాటా మాత్రమే. రిజర్వేషన్‌లో గెలిచిన మన సర్పంచులకు ఒక మాట: తీర్మానం పుస్తకంలో మీ సంతకం మీ సొంతం కాదు, వాడది. గ్రామసభ పెట్టకుండా, వాడ వినకుండా సంతకం పెడితే రేపు వాడలోకి ఏ మొగం పెట్టుకొని వస్తారు?

మనం అడగాల్సినవి:

1. ఏ సర్వే నంబర్లు చూస్తున్నారో దండోరా వేసి చెప్పాల. గ్రామసభ వాడలోనే జరపాల.
2. కావలసినంతే తీసుకోవాల. ఏ కంపెనీ, ఏ పని, ఎన్ని ఎకరాలు అనేది ముందే రాసియ్యాల.
3. అసైన్డ్‌కు పట్టాతో సమానమైన ధర, భూమికి బదులు భూమి. ఉద్యోగం రాతపూర్వకంగా.
4. ఐదేండ్లు వాడని భూమిని అసలు యజమానికి గానీ ప్రభుత్వ భూబ్యాంకుకు గానీ ఇయ్యాలని 2013 చట్టం అంటాది. ఆ "గానీ" మనకొద్దు. ఎవరి చేను వాళ్లకే రావాల.

ఈ లోపల ప్రతి ఇంటా పట్టా కాగితం బయటికి తీయండి. అడంగల్లో మీ పేరుందో లేదో చూసుకోండి. చదవడం రాకపోతే మీ బిడ్డలతో చదివించండి. అందుకే కదా వాళ్లను బడికి పంపింది!

మన చేను మీద మనల్ని అడక్కుండా గీత గీయనియ్యం!

జై భీమ్!