ఇటుకల లెక్కలో కూలి కుటుంబం ఏది?

మామ పెట్టిన బట్టీ. మేనల్లుడు పెంచిన వ్యాపారం. నేడు ప్రపంచంలోనే అతిపెద్ద ఇటుకల కంపెనీ. ఆస్ట్రియాకు చెందిన వీనర్‌బెర్గర్ కథ ఇది. వాణిజ్య పేజీలకు ఈ మూడు ముక్కలు చాలు. మనకు చాలవు.

1819లో అలోయిస్ మీస్‌బాఖ్ వియన్నా శివార్లలో ఇటుకల పని మొదలుపెట్టాడు. 1857లో ఆయన చనిపోయాక మేనల్లుడు హైన్రిఖ్ డ్రాషె చేతికి వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే నగరం చుట్టూ ఉన్న కోటగోడలు కూల్చాలని చక్రవర్తి ఆజ్ఞాపించాడు. ఆ జాగాలో విశాలమైన రాజవీధి, దాని వెంట పెద్దపెద్ద మేడలు లేచాయి. ఇటుకలకు గిరాకీ పెరిగింది. 1869లో కుటుంబ వ్యాపారం షేర్ మార్కెట్‌కెక్కింది.

మరి ఆ ఇటుకలు కోసిందెవరు? బొహీమియా, మొరావియా పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన చెక్ కూలీలు. విక్టర్ ఆడ్లర్ అనే డాక్టర్ దొంగచాటుగా లోపలికి వెళ్లి చూసి, 1888లో తన వారపత్రికలో వాళ్ల బతుకు రాశాడు. కూలికి బదులు రేకు బిళ్లలు ఇచ్చేవాళ్లు. అవి కంపెనీ ఆవరణలోని క్యాంటీన్లలోనే చెల్లేవి. అక్కడ ధర ఎక్కువ, తిండి నాసిరకం. ఒక్కో గదిలో పదుల మంది పడుకునేవాళ్లు. బిళ్లల కూలి అప్పటికే చట్టవిరుద్ధం. అయినా సాగింది. ట్రాం కార్మికుల సమ్మెకు అండగా నిలిచిన ఆ పత్రికను మాత్రం 1889లో ప్రభుత్వం మూయించింది. చివరికి 1895లో ఇటుక కూలీలే సమ్మెకు దిగారు.

ఇది పరాయి దేశపు పాత ముచ్చట అనుకుందామా? పెద్దపల్లి, రంగారెడ్డి బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపాడా జిల్లాల నుంచి కూలీలు వస్తారు. సర్దారు ముందే అడ్వాన్సు ఇస్తాడు. మొగుడు, పెళ్లాం, పిల్ల కలిస్తే ఒక జట్టు. వారం ఖర్చులకు కాస్త ఇచ్చి, మిగతా లెక్క సీజన్ చివర చూస్తారు. అప్పు తీరేదాకా కదలడానికి లేదు. అక్కడ రేకు బిళ్ల, ఇక్కడ అడ్వాన్సు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976 నుంచీ ఉంది.

అంటే ప్రతి కుటుంబ వ్యాపారంలోనూ రెండు కుటుంబాలుంటాయి. ఒకటి ఆస్తి పెంచుకుంటుంది, ఇంకొకటి అప్పు మోస్తుంది. పాలమూరు వలసల గోస తెలిసిన గడ్డ మనది. మన ఊరికొచ్చిన వలస కూలి గురించి మనం నోరు మెదపకపోతే ఎట్లా?

ఉద్యోగులారా, మీ ఇంటికి ఇటుకల లోడు దిగినప్పుడు ఏ బట్టీదో అడగండి. విద్యార్థులారా, ఆ బట్టీకి వెళ్లి చూడండి. పూర్తి కూలి వారం వారం చేతికి రావాలి. పిల్లలు బడిలో ఉండాలి. అప్పుడే ఆ వ్యాపారం ఎదిగిందని ఒప్పుకుందాం.