పెరటి తోట: పండుగ ముగిసినా చేమంతిని పీకవద్దు



క్రిస్మస్ పండుగ ముగిసి పూలు వాడగానే మన పల్లెలలో అనేకులు చేమంతి మొక్కలను పీకి పెంటదిబ్బ మీద వేయుచున్నారు. మరుసటి ఏడు మరల డబ్బు పెట్టి మొక్కలు కొనుచున్నారు. కూలి డబ్బులతో గడుచు ఇంటికి ఇది చిన్న ఖర్చు కాదు. అయితే ఆ పారవేసిన మొక్క మొదట్లోనే వచ్చే పండుగ పూలు దాగియున్నవి. గనుక ఈ నెలలో చేయవలసిన పనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పూలు అయిపోయిన మొక్కను నేలకు 4 అంగుళాల ఎత్తున కోయండి. మొదట్లో మాగిన పశువుల ఎరువు కొంచెము వేసి, నేల ఆరినప్పుడే నీరు పోయండి. కొన్ని వారములలో చుట్టూ పిలకలు లేచును. వేరుతో కూడ వాటిని విడదీసి నాటుకొనవచ్చును. గింజ నాటితే తల్లి మొక్క రంగు రాకపోవచ్చును గాని, పిలక తల్లివలెనే పూయును.

మన పల్నాటి ఎండలు పిలకలకు గండము. ఏప్రిల్, మే నెలలలో వేపచెట్టు నీడనో, పందిరి క్రిందనో ఉంచి కాపాడండి. జూన్‌లో లేత కొసలను 3, 4 అంగుళాల పొడవున త్రుంచి, క్రింది ఆకులు తీసి, తడి ఇసుకలో గ్రుచ్చితే రెండు మూడు వారములలో వేళ్లు పట్టును. దుర్గి ప్రాంతపు నల్లరేగడిలో నీరు నిలిచి వేళ్లు కుళ్లును గనుక, బోదె ఎత్తుగా వేసి అడుగు దూరమున నాటండి. నాటిన నెలకు తలలు తుంచండి. ప్రక్క కొమ్మలు వచ్చి మొగ్గలు ఎక్కువగును. ఆగస్టు దాటిన తరువాత తుంచవద్దు.

ఏపుగా పెరిగియు పూయని మొక్కలు కొన్ని ఇండ్లలో కనబడును. ఎరువు చాలలేదని అనుకొందురు గాని, తరచుగా కారణము వీధి దీపమే. చేమంతి మొగ్గ తొడుగుటకు పొడవైన చీకటి రాత్రులు కావలెను. మన ప్రాంతములో జూన్ పగలు సుమారు 13 గంటలు, డిసెంబరు పగలు 11 గంటలకు కొంచెము ఎక్కువ. రాత్రి పెరుగుకొలది మొక్క పూతకు వచ్చును. పగటి నిడివికిని పూతకును గల ఈ సంబంధమును 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అను శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా మొక్కలలో వివరించిరి. కావున సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మందిరపు దీపము, వాకిటి బల్బు వెలుగు రాత్రంతా మొక్కలపై పడకుండ చూచుకొనండి. వెలుగు తప్పని చోట మొక్కను కుండీలో పెంచి ఇంటి వెనుకకు మార్చండి.

లేత కొసలకు పేనుబంక పట్టితే నీటిని గట్టిగా చల్లి కడగండి, లేదా వేపనూనె కలిపిన నీరు చల్లండి.

ఒక్కొక్క మొదలు నుండి అనేకమైన పిలకలు వచ్చును. మీ పెరటికి సరిపడినన్ని ఉంచుకొని, మిగిలినవి తడిగుడ్డలో చుట్టి, పూలు కొనలేని ఇంటివారికి ఇవ్వండి. వచ్చే డిసెంబరులో వారును తమ పెరటి పూలతో మందిరమునకు రాగలరు.