ముసలి కుక్కను రోడ్డు మీద వదలకండి, దాని చివరి రోజులకు ఆసుపత్రిలో చోటు అడగండి

కుక్కలు, పిల్లులు ఉన్న ఇళ్లవారికి, పశువైద్యులకు, పురపాలక సభ్యులకు విన్నపం

బైపాస్ పక్కనో, గుడి మెట్ల దగ్గరో మెడపట్టీతో తిరిగే ల్యాబ్రడార్‌ను మీరు చూసే ఉంటారు. కంట్లో తెల్లపొర, ఈడ్చుకుంటూ నడిచే వెనకకాళ్లు. పదేళ్లు ఇంటి అన్నం తిన్న కుక్కకు చెత్తకుండీలో వెతుక్కోవడం రాదు. ఏ వీధి ఏ గుంపుదో తెలియదు. తెలిసేలోపే మిగతా కుక్కలు కరుస్తాయి, లేదా ఏ లారీ కిందో పడుతుంది.

వదిలేసినవాళ్లంతా రాతిగుండె మనుషులని మేము అనడం లేదు. ముప్పై కిలోల కుక్కను మూడో అంతస్తు నుంచి మోసుకు దిగాలి. ఆటో ఎక్కించుకోరు. మూత్రం వాసనకు ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడు. ఎలాగో ఆసుపత్రికి చేరితే "వయసైపోయిందండీ, ఏం చేయలేం" అంటారు. అక్కడితో దారి మూసుకుపోతుంది. ఆ మాట విని ఇంటికొచ్చిన కుటుంబానికి తరువాత ఏం చేయాలో చెప్పే మనిషి ఉంటే, ఆ కుక్కల్లో చాలా భాగం బైపాస్ దాకా పోవు.

అసలు ఆ మాటే చాలాసార్లు తప్పు. వయసు వల్లే తిండి మానేసిందనుకున్న కుక్కకు పళ్ల కింద చీము ఉండవచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క విపరీతంగా నీళ్లు తాగుతూ నీరసపడితే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. ముసలిదైనా సకాలంలో ఆపరేషన్ చేస్తే బతికే అవకాశం ఉంది. పెద్ద జాతులకు ఏడెనిమిదేళ్లకే ముసలితనం వస్తుంది కాబట్టి అప్పటి నుంచి ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించడం మంచిది. మూత్రపిండాల జబ్బు, ముఖ్యంగా పిల్లుల్లో, బయటికి కనిపించేసరికి బాగా ముదిరి ఉంటుంది.

నయం కాని జబ్బయినా నొప్పి తగ్గించవచ్చు. కీళ్లు అరిగిన కుక్కకు నున్నటి టైల్స్ మీద లేవడమే నరకం. గోనెపట్టాలు, రబ్బరు మ్యాట్లు పరిస్తే అది తనంతట తాను లేస్తుంది. కదల్లేనిదాన్ని కొన్ని గంటలకోసారి పక్క మార్చి పడుకోబెడితే ఒరుసుకుపోయి పుండ్లు పడవు. తడి చేరనీయకుండా తుడుస్తుంటే పురుగు పట్టదు. ఒక్కటి మాత్రం మరవకండి: మన ఇంట్లోని మాత్రలు వేయకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడుచేస్తుంది. జంతువుల కోసం వేరే నొప్పిమందులున్నాయి. వాటిని డాక్టరే రాయాలి.

ఇంకెంతకాలం అన్న ప్రశ్నకు అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలమానం ఇచ్చారు. నొప్పి అదుపులో ఉండటం, ఆకలి, నీళ్లు తాగడం, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువా అన్నది: ఈ ఏడింటికీ సున్నా నుంచి పది వరకు మార్కులు. మొత్తం 35 దాటితే సేవ కొనసాగించవచ్చు. లెక్క కష్టమనిపిస్తే గోడమీది క్యాలెండర్‌లో మంచి రోజుకు ఒక గుర్తు, చెడ్డ రోజుకు ఒక గుర్తు పెట్టండి. ప్రేమ కళ్లు కప్పేసినప్పుడు ఆ గుర్తులు నిజం చెబుతాయి.

ఇక మన ఇళ్లలో పెదవి దాటని విషయం. నొప్పి ఏ మందుకూ లొంగనప్పుడు సూదితో కారుణ్య మరణం ఇవ్వడం పాపమని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకాన్ని మేము తేలిక చేయం. కానీ నీళ్లు కూడా దిగని ప్రాణిని రోజుల తరబడి మూలుగుతూ పడి ఉండనిచ్చి దాన్ని సహజ మరణం అనుకోవడంలో మాకు దయ కనిపించడం లేదు. నయంకాని జబ్బుతో, ప్రాణాంతక గాయంతో ఉన్న వీధికుక్కకు ఎవరు నిర్ణయించాలో, మరణం ఎంత నొప్పిలేకుండా జరగాలో కేంద్రం 2001లోనే నిబంధనల్లో రాసింది. 2023 నిబంధనల్లోనూ ఉంది. మరో కుక్క చూస్తుండగా ఆ పని చేయకూడదని కూడా అందులో ఉంది. వీధికుక్క విషయంలో ఇంత జాగ్రత్త రాసిపెట్టినప్పుడు, ఇంటి కుక్కను తీసుకొచ్చిన కుటుంబం ఏ డాక్టరు ఒప్పుకుంటాడా అని ఊరంతా తిరగడం ఏం న్యాయం? ప్రభుత్వ పశువుల ఆసుపత్రులకు రాతపూర్వకమైన పద్ధతి కావాలి. డాక్టరు పరీక్షించి కారణం రాయాలి. ముందు మత్తు ఇవ్వాలి. పెంచినవాళ్లను పక్కన ఉండనివ్వాలి. ఒప్పుకోని కుటుంబాన్ని ఎవరూ బలవంతపెట్టకూడదు.

మేము కొత్త భవనాలు అడగడం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే కదిలే సంచార పశువైద్య వాహనాలున్నాయి. పాడిపశువుల కోసం అవి తప్పనిసరి, ఆ పనికి అడ్డు రాకూడదు. పట్టణాల్లో వారానికి ఒక పూట మాత్రం కదల్లేని ముసలి జంతువుల ఇళ్లకు వాటిని పంపాలి. ప్రతి జిల్లా పశువుల ఆసుపత్రిలో వారానికొక మధ్యాహ్నం ఇలాంటి జంతువులకే కేటాయించాలి.

చనిపోయాక శరీరం ఎక్కడికి పోవాలన్నదీ తేలాలి. హైదరాబాద్‌లో ఫతుల్లగూడలో పెంపుడు జంతువుల దహనానికి ఏర్పాటు ఉంది. చాలా పట్టణాల్లో చెత్తబండే గతి. కారుణ్య మరణం ఇచ్చినప్పుడు ప్రాణం తీసే మందు శరీరంలో మిగిలి ఉంటుంది. ఆ శరీరాన్ని డంపింగ్ యార్డులో పారేస్తే తిన్న గద్దలు, కుక్కలు కూడా చావవచ్చు. ప్రతి పురపాలికా లోతుగా పూడ్చేందుకు కొంత స్థలం చూపాలి.

జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. జబ్బుపడినదాన్ని వీధిలో చావనివ్వడమూ నేరమే. తొలి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. టీ ఖర్చంత జరిమానాకు ఎవరు భయపడతారు? దీన్ని పెంచాల్సింది పార్లమెంటు, కాబట్టి మన ఎంపీలనూ అడగాలి.

మీ వీధివాళ్లు కలిసి ఒక అర్జీ రాయండి. ఒక ప్రతి జిల్లా పశుసంవర్ధక అధికారికి, ఒకటి మున్సిపల్ కమిషనర్‌కు, ఒకటి ఎంపీకి ఇచ్చి రసీదు తీసుకోండి. సంతకం పక్కన మీ కుక్క లేదా పిల్లి పేరు, వయసు రాయండి. మీ ఊళ్లో ఇలాంటి సేవ ఎన్నింటికి కావాలో లెక్క వాళ్లకు అక్కడే దొరుకుతుంది.