పేరు కొనొచ్చు.. నడక కొనలేం!

హాస్టల్ గది. రాత్రి పదకొండు. నలుగురు తలా కొంత వేసుకుని ఒక రేసింగ్ గేమ్ కొన్నారు. రోజువారీ మొబైల్ డేటా సరిపోక వారం పాటు డౌన్‌లోడ్ చేశారు. కవర్ మీద అసలు కార్లు, అసలు టీమ్‌లు, అసలు డ్రైవర్ల పేర్లు. తీరా ఆడితే మొదటి మలుపులోనే కారు గోడలోకి దూరిపోయింది. ‘ఏంరా ఇది, కారు గాల్లో తేల్తాంది!’ అని ఒకరు. ‘లైసెన్స్ ఉండే గేమే కదప్పా!’ అని ఇంకొకరు. అనంతపురంలో చదువుకునే మీలో చాలామందికి ఈ సీన్ కొత్తేమీ కాదు.

ఇక్కడే మీరొక ప్రశ్న వేసుకోవాలి. లైసెన్స్ అంటే ఏమిటి? సినిమా పేరు, రేసుల పేరు, కంపెనీ లోగో వాడుకోవడానికి అనుమతి. అంతే. ఆట బాగుంటుందని అది హామీ కాదు. మన శెనక్కాయ రైతు సంచి మీద బొమ్మ చూసి విత్తనం తీసుకోడు. కాయ ఒలిచి పప్పు చూస్తాడు.

ఉదాహరణలు కావాలా? ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాలకు ప్రపంచమంతా అభిమానులే. ఆ పేరుతో 2020లో వచ్చిన ‘క్రాస్‌రోడ్స్’ గేమ్‌ను విమర్శకులు ఏకి పారేశారు. 2022లో దాని అమ్మకాలే ఆపేశారు. అమెరికాలో నాస్కార్ రేసులంటే పిచ్చి. 2021లో వచ్చిన ‘నాస్కార్ 21: ఇగ్నిషన్’ మీద విడుదలైన రోజు నుంచే బగ్‌ల ఫిర్యాదులు. దాన్ని తెచ్చిన మోటర్‌స్పోర్ట్ గేమ్స్ సంస్థ చేతిలోంచి 2023లో ఆ లైసెన్సే ఐరేసింగ్ సంస్థకు వెళ్లిపోయింది. ఇండీకార్ లైసెన్స్ కూడా దాని దగ్గరే ఉండేది. ఒక్క గేమ్ కూడా రాకముందే అదీ పోయింది.

అలాగని లైసెన్స్ ఉన్న ప్రతి గేమూ చెత్త కాదు. కోడ్‌మాస్టర్స్ చేసిన ‘ఎఫ్1 2010’కి బాఫ్టా అవార్డు వచ్చింది. అంటే తప్పు లైసెన్స్‌ది కాదు, దాన్నే సరుకు అనుకోవడంలో ఉంది. పేరు కోసం డబ్బు ముందే కట్టాలి. సినిమా విడుదలకో, రేసుల సీజన్‌కో గేమ్ సిద్ధం కావాలి. టైం చాలకపోతే ముందు కోత పడేది టెస్టింగ్‌కే. పైగా లైసెన్స్‌కు గడువుంటుంది. 2018లో వచ్చిన ‘ఫోర్జా హొరైజన్ 4’ మంచి గేమే. అయినా లైసెన్సుల గడువు తీరడంతో 2024 డిసెంబర్‌లో అమ్మకాల నుంచి తప్పుకుంది.

మరి ఆడేవాళ్లు అడిగేదేమిటి? ఆకాశంలో చుక్కలేమీ కాదు. బ్రేక్ నొక్కితే ప్రతిసారీ ఒకేలా పనిచేయాలి. తప్పు చేస్తే అది నా తప్పేనని తెలియాలి. పక్క కార్లు రైలు పెట్టెల్లా వరసగా పోకుండా పోటీ పడాలి. సేవ్ చేసిన ఆట మాయం కాకూడదు. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుందని చెబితే నడవాలి. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, లిమిటెడ్ డేటాతో ఆడే మన కుర్రాళ్లకు ఈ చివరి మాట మరీ ముఖ్యం. డబ్బు పోతే పోయింది, వారం డేటా ఎవరిస్తారు?

‘వేస్ట్ గేమ్’ దగ్గర ఆగొద్దు

ఈ కోపాన్ని ఊరికే పోనివ్వకండి. ‘వేస్ట్ గేమ్’ అని ఎవరైనా అంటారు. ‘మూడో ల్యాప్‌లో, వాన పడుతుండగా, కుడి మలుపులో బ్రేక్ పట్టి స్టీరింగ్ తిప్పితే కారు గోడలోకి వెళ్తోంది. పదిసార్లు చూస్తే ఏడుసార్లు ఇలాగే జరిగింది. ల్యాప్‌టాప్ వివరాలు ఇవీ’ అని రాయగలిగినవాళ్లు తక్కువ. కంపెనీలకు కావాల్సింది వాళ్లే. గేమ్ టెస్టింగ్ అంటే రోజంతా సరదాగా ఆడుకోవడం అనుకుంటే పొరపాటు. అదే మలుపు వందసార్లు తిరగాలి. ఆ ఓపిక ఏ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికైనా పనికొస్తుంది.

ఇవన్నీ మనకు అందనివి అనుకోకండి. నేషనల్ హైవే 44 ఎక్కితే బెంగళూరు సుమారు 200 కిలోమీటర్లు. 1997లో అక్కడ మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ కళాకారులు ఫోర్జా సిరీస్ కార్ల బొమ్మల పనిలో పాలుపంచుకున్నారు. ఆ సంస్థను 2019లో రాక్‌స్టార్ కొనుక్కుంది. ఇటు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో అదే ఏడాది కియా సెల్టోస్ తయారీ మొదలైంది. అక్కడైనా బానెట్ మీద బ్యాడ్జి అతికిస్తే కారు కదలదు కదా!

మీ లైసెన్స్ సంగతేంటి?

ఇప్పుడు మీ రెజ్యుమె తీయండి. డిగ్రీ, మూడు సర్టిఫికెట్లు, నాలుగు కోర్సుల పేర్లు, పెద్ద కంపెనీల లోగోలు. ఇవన్నీ మీ లైసెన్సులు. ఇంటర్వ్యూ గది తలుపు దాకా అవి తీసుకెళ్తాయి. లోపలికెళ్లాక ‘ఏదైనా చేసి చూపించు’ అంటారు. అప్పుడు మీ కారు కూడా మొదటి మలుపులో గోడలోకి దూరితే? గేమ్ కంపెనీని తిట్టిన నోటితో మనం ఏం చెప్పుకుంటాం?

అందుకే ఈ ఆదివారం ఒక పని చేయండి. మిమ్మల్ని బాగా నిరాశపరిచిన గేమ్ ఒకటి తెరవండి. అందులో ఐదు లోపాలు పట్టండి. ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు, ఎలా బాగుచేయొచ్చు అన్నది రెండు పేజీల్లో రాయండి. ఇంగ్లిష్ తడబడితే ముందు తెలుగులో రాసుకుని తర్వాత మార్చుకోండి. ఆ రెండు పేజీలు రెజ్యుమెకు జత చేయండి. పోయిన డబ్బు రాదు కానీ, ఆ గేమ్ మీకు కొంతైనా బాకీ తీర్చినట్టే!